చంపారన్ రైతు చెప్పాడు, వకీలు రాశాడు

ఈ పోస్టు కాస్త పొడుగ్గా ఉంటుంది, తీరిక చేసుకుని చదవండి.

మొన్న అక్టోబరు 2న టీవీలో గాంధీ సినిమా వేశారు. మీలో చాలామంది చూసే ఉంటారు. నేను మొదటిసారి చూసింది 1983లో, ఎనిమిదో తరగతిలో ఉండగా. స్కూలు పిల్లలందర్నీ ట్రాక్టర్ తొట్టిలో ఎక్కించుకుని టౌనుకి తీసుకెళ్ళారు. మాటలు హిందీలో ఉన్నాయి, మాకు సగం అర్థం కాలేదు. గుర్తుండిపోయిందల్లా మొదట్లో వచ్చే ఆ అంతిమయాత్ర, ఆ జనం. ఆ సీను 1981 జనవరి 31న ఢిల్లీలో తీశారట. సుమారు 3 లక్షల మంది వచ్చారు. ఇప్పుడైతే కంప్యూటర్లో జనాన్ని పెడతారు, అప్పుడు నిజంగానే మనుషులు.

సినిమా వెనక కథ కూడా చెప్పుకోవాలి. లండన్లో మన హైకమిషన్లో పనిచేసే మోతీలాల్ కొఠారీ అనే ఆయన 1962లో రిచర్డ్ అటెన్‌బరోని కలిసి, గాంధీగారి మీద సినిమా తీయమని అడిగాడు. అది తెర మీదికి రావడానికి 20 ఏళ్ళు పట్టింది. మన ప్రభుత్వం కూడా అందులో డబ్బు పెట్టింది. 1982లో విడుదలై 8 ఆస్కార్లు గెలిచింది. బట్టలు రూపొందించిన భాను అథయ్యకి వచ్చింది మన దేశంలో ఎవరికైనా వచ్చిన మొదటి ఆస్కార్. గాంధీగా బెన్ కింగ్‌స్లీ, కస్తూర్బాగా రోహిణీ హట్టంగడి. ఇవి మీకు తెలిసినవే.

ఈసారి చూస్తుంటే నా కన్ను వేరే చోట ఆగింది. చంపారన్ దగ్గర. మూడు గంటల పైచిలుకు సినిమాలో ఆ భాగం కాసేపే. గాంధీ రైలు దిగుతాడు, జనం వస్తారు, గుడిసెలో ఒక ముసలి రైతు తన గోడు చెప్పుకుంటాడు, పోలీసులు పట్టుకుంటారు, కోర్టులో మేజిస్ట్రేటు ఏం చెయ్యాలో తెలియక వదిలేస్తాడు. మనం చప్పట్లు కొడతాం. రైతుని కాబట్టి నాకు అనుమానం వచ్చింది. కోర్టులో వదిలేస్తే రైతు బాకీ ఎలా తీరుతుంది? ఆ సంగతి చదువుదామని కూర్చున్నాను.

చంపారన్ బీహారులో నేపాల్ సరిహద్దు పక్కనుండే ప్రాంతం, అప్పట్లో ఒక జిల్లా. భూమిలో ఎక్కువ భాగం బెతియా సంస్థానానిది. ఆ సంస్థానం అప్పుల్లో కూరుకుపోయి, ఊళ్ళకి ఊళ్ళు తెల్ల ప్లాంటర్లకి గుత్తకిచ్చింది. వాళ్ళు కోఠీలు కట్టి నీలిమందు తీసేవాళ్ళు. రైతు తన భూమిలో ప్రతి 20 కఠాలకి 3 కఠాలు నీలి చెట్టే వెయ్యాలి. దాన్నే తీన్‌కఠియా అన్నారు. ఏ చెక్కలో వెయ్యాలో కోఠీ మనిషి వచ్చి చూపిస్తాడు, చూపించేది ఎప్పుడూ మంచి చెక్కే. ధర కూడా కోఠీ కట్టిందే.

నీలి చెట్టు మనకీ కొత్త కాదండీ. కడప, కర్నూలు, నెల్లూరు వైపు కూడా నీలిమందు తీసి మద్రాసు రేవు నుంచి ఓడలకెక్కించిన రోజులున్నాయి. 1897లో జర్మనీ వాళ్ళు ఫ్యాక్టరీ నీలిరంగు అమ్మకానికి తెచ్చారు. దాంతో చెట్టు రంగుకి గిరాకీ పడిపోయింది. చంపారన్ రైతుకి విముక్తి వచ్చిందనుకుంటాం కదా? రాలేదు. "నీలి వెయ్యనక్కర్లేదు, దానికి బదులు శిస్తు పెంచి కట్టు" అన్నారు. దాన్ని శరహ్‌బేషీ అనేవాళ్ళు. కొన్ని చోట్ల "ఒకేసారి రొక్కం కట్టి వదిలించుకో" అన్నారు, అది తావాన్. నష్టం మార్కెట్‌ది. దాన్ని రైతు నెత్తిన వేసి, రైతు ఒప్పుకున్నట్టు కాగితాలు రాయించుకున్నారు. తర్వాత మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ రంగు ఆగి ధర లేచింది. మళ్ళీ నీలి వెయ్యమన్నారు.

ఇవి కాక అబ్‌వాబులు, అంటే చట్టంలో లేని వసూళ్ళు. దొర గుర్రం కొంటే రైతు డబ్బివ్వాలి, ఏనుగు కొంటే ఇవ్వాలి. తండ్రి పోయి భూమి కొడుకు పేరు మీదికి మారాలంటే దానికీ ఇవ్వాలి. ఈ చివరిది చదివి నేను కాసేపు పుస్తకం మూసేశాను. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

రాజ్‌కుమార్ శుక్లా అనే రైతు ఇదంతా భరించలేక, 1916 డిసెంబరులో లక్నో కాంగ్రెసు సభకి వెళ్ళి గాంధీగారిని పట్టుకున్నాడు. గాంధీగారు వెంటనే అవునన్లేదు. నా కళ్ళతో చూడకుండా మాట్లాడను అన్నారు. శుక్లా వదల్లేదు. కాన్పూరులో కనిపించాడు, అహ్మదాబాదు ఆశ్రమానికి వెళ్ళాడు, చివరికి 1917 ఏప్రిల్‌లో కలకత్తా నుంచి రైలెక్కించుకుని పాట్నా తీసుకొచ్చాడు. అక్కడ రాజేంద్రప్రసాద్ ఇంటికి తీసుకెళ్తే ఆయన ఊళ్ళో లేడు. పనివాళ్ళు వీళ్ళెవరో తెలియక బావి నీళ్ళు కూడా తోడుకోనివ్వలేదు. తర్వాత దేశానికి మొదటి రాష్ట్రపతి అయినాయన ఇల్లది.

మోతీహారిలో జిల్లా వదిలి పొమ్మని నోటీసిచ్చారు. ఏప్రిల్ 18న కోర్టు. గాంధీగారు తప్పు ఒప్పేసుకున్నారు: అవును, ఆజ్ఞ మీరాను, శిక్ష వెయ్యండి అన్నారు. మేజిస్ట్రేటు తీర్పు వాయిదా వేశాడు, కొన్ని రోజులకి పైనుంచి కేసు ఎత్తేశారు. సినిమా మనసు పెట్టింది ఇక్కడే. అసలు పని మొదలయ్యిందీ ఇక్కడే. ఆ పని గురించి సినిమాలో ఒకటి రెండు మాటలొస్తాయి, అంతే.

ఆ పని ఏమిటంటే, రాయడం. బ్రజకిశోర్ ప్రసాద్, రాజేంద్రప్రసాద్, అనుగ్రహ్ నారాయణ్ సిన్హా లాంటి వకీళ్ళు ఫీజు లేకుండా వచ్చి కూర్చున్నారు. తలా ఒక వంటవాణ్ణి తెచ్చుకుంటే, గాంధీగారు అందరికీ ఒకే వంట పెట్టించారు. పొద్దున్నుంచి చీకటిపడే దాకా రైతులు వరస కట్టి చెప్పడం, వీళ్ళు వాంగ్మూలం రాసుకోవడం. ఎంత భూమి, ఎంత శిస్తు, ఎవరు కొట్టారు, ఎంత లాక్కున్నారు. చెప్పింది చెప్పినట్టు రాసెయ్యలేదు. ఎదుటి వకీలు అడిగినట్టు తిప్పి తిప్పి అడిగారు. నిలబడని మాట తీసేశారు. పక్కనే సీఐడీ మనిషి కూర్చుంటే వెళ్ళిపొమ్మనలేదు, కూర్చోనిచ్చారు. ఆయన ఎదురుగా చెప్పడంతో రైతుకి భయం పోయింది, ఉన్నదానికి ఎక్కువ చెప్పే వీలూ పోయింది. అలా సుమారు 8,000 వాంగ్మూలాలు పోగయ్యాయి.

ఆ కట్టలు చూశాక ప్రభుత్వం జూన్‌లో విచారణ కమిటీ వెయ్యక తప్పలేదు. అందులో గాంధీగారు ఒక సభ్యుడు, ప్లాంటర్ల మనిషీ ఒకడు. అక్టోబరులో నివేదిక వచ్చింది. 1918లో చట్టం వచ్చి తీన్‌కఠియా రద్దయింది. పెంచిన శిస్తు 20 నుంచి 26 శాతం దాకా తగ్గింది. తావాన్ కింద గుంజిన దాంట్లో పావు వంతు తిరిగివ్వాలన్నారు.

పావు వంతేనా అని అప్పుడూ అడిగారు, నాకూ అనిపించింది. నూటికి డెబ్బయి అయిదు ఎగ్గొట్టినట్టే కదా. కానీ ఒక్కటి ఆలోచించండి. కోఠీ దొర అంటే ఆ జిల్లాలో రాజు. అతను తీసుకున్నది తప్పని ఒప్పుకుని రూపాయైనా వెనక్కివ్వడం అక్కడి రైతు ఎప్పుడూ చూడలేదు. అది చూశాక రైతు వంగి నిలబడడు. కొన్నేళ్ళలోనే ప్లాంటర్లు ఒక్కొక్కరే కోఠీలు అమ్ముకుని వెళ్ళిపోయారు. నేను రైతుగా లెక్క వేస్తే పావు వంతు తక్కువే. అయినా ఆ రోజు అక్కడుంటే సంతకం పెట్టేవాణ్ణి అనుకుంటున్నాను. మీరైతే ఏం చేసేవాళ్ళో చెప్పండి.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నా కథ ఒకటుంది. పన్నెండేళ్ళ కింద మా ఊళ్ళో నలభై మందిమి మొక్కజొన్న సీడ్ వేశాం. ఆర్గనైజర్ వచ్చి విత్తనం ఇచ్చాడు, పెట్టుబడికి అడ్వాన్సు ఇచ్చాడు, తెల్లకాగితం మీద సంతకాలు తీసుకున్నాడు. ఆడ వరసలు, మగ వరసలు ఆయన చెప్పినట్టే వేశాం. గింజ సరిగా కట్టలేదు. నోటితో చెప్పిన రేటు ఒకటి, ఇచ్చింది ఇంకొకటి. అడ్వాన్సు పోను నాకు మిగిలింది ఎరువుల షాపు బాకీకి సరిపోలేదు. ఆ ఏడు మా ఆవిడ గాజులు బ్యాంకుకి వెళ్ళాయి. అందరం కలిసి ఆఫీసుకి వెళ్తే అక్కడి సారు అడిగింది ఒకటే ప్రశ్న: "అగ్రిమెంటు కాపీ ఉందా?" నలభై మందిలో ఒక్కడి దగ్గర లేదు. కనీసం విత్తనం లాట్ నంబరు రాసుకున్నవాడు లేడు. మేం చెప్పిందంతా నిజమే. అయినా రాత్రికి ఇంటికొచ్చేశాం.

చంపారన్ రైతు మాకంటే చదువు తక్కువవాడు. నేను ఇంటర్ పాసైనవాణ్ణి. అయినా వాళ్ళ దగ్గర కాగితం ఉంది, మా దగ్గర లేదు. వాళ్ళకి కూర్చోబెట్టి రాసినవాళ్ళు దొరికారు అనొచ్చు. నిజమే. కానీ ఆ రాసేవాళ్ళని వెతికి, వెంటపడి తెచ్చుకుంది కూడా ఒక రైతే. శుక్లా 1929లో పోయాడు. గాంధీ పేరు తెలియని ఊరు లేదు, శుక్లా పేరు మా మండలంలో ఎంతమందికి తెలుసో మీరే చెప్పండి.

ఈ నెల మా ఊరికి మళ్ళీ ఆర్గనైజర్లు వచ్చారు. మా తమ్ముడి కొడుకు మూడెకరాలు వేస్తానంటున్నాడు. వద్దనలేదు, సీడులో బాగుపడ్డవాళ్ళూ ఉన్నారు. ఒక రెండొందల పేజీల నోటు పుస్తకం కొనిచ్చాను. కాపీ చేతికి రాకుండా సంతకం పెట్టొద్దని, రేటు, లాట్ నంబరు, విత్తిన తేదీ, ఎవరు ఏ రోజు ఏమన్నారో ఆ రాత్రే రాసుకోమని చెప్పాను. "పెదనాన్నా, వాళ్ళు కాపీ ఇవ్వమంటే?" అన్నాడు. ఇవ్వకపోతే ఆ సంగతి కూడా మొదటి పేజీలో రాయమన్నాను. రేపు పొద్దున ఇద్దరం కలిసి వెళ్ళి అడుగుతున్నాం. ఏమన్నారో వచ్చే పోస్టులో రాస్తాను.