గల్ఫ్‌లో మన రూపాయి చెల్లిన రోజులు

ఇండియా బ్యాంకు కార్డు దుబాయి షాపులో గీకితే మెషీన్ ఒక్కోసారి అడుగుతుంది: దిర్హమ్సా, రూపాయలా? కొత్తగా వచ్చిన తమ్ముళ్లు మన డబ్బే కదా అని రూపాయలు నొక్కుతారు. అక్కడ మెషీన్ వాళ్లు తమ రేటు కడతారు, చాలాసార్లు మనకే నష్టం. దిర్హమ్సే నొక్కండి.

ఒకప్పుడు ఈ ప్రశ్నే లేదు. దుబాయి, కువైట్, బహ్రెయిన్, ఖతర్ అన్నిచోట్లా బజారులో నడిచింది మన రూపాయే. చిక్కు బంగారం దగ్గర వచ్చింది. ఇక్కడ రూపాయలిచ్చి బంగారం కొని దొంగచాటుగా బొంబాయి చేర్చేవారు. ఆ రూపాయలు తిరిగి మన రిజర్వు బ్యాంకుకే వచ్చేవి, బదులుగా విదేశీ డబ్బు ఇవ్వాల్సి వచ్చేది. అందుకని 1959లో గల్ఫ్ కోసం వేరే నోట్లు వేశారు. నంబరు ముందు జెడ్ అక్షరం, రంగు కూడా వేరు. ఆ నోటు మన దేశంలో చెల్లదు.

కువైట్ 1961లో, బహ్రెయిన్ 1965లో సొంత దీనారు పెట్టుకున్నాయి. 1966 జూన్ 6న మన రూపాయి విలువ తగ్గించారు. అంతకుముందు వంద రూపాయలకు 21 డాలర్లు వచ్చేవి, ఆ తర్వాత 13 చిల్లర. పెట్టెలో నోట్లు దాచుకున్నవాడికి రాత్రికి రాత్రే మూడో వంతు పోయినట్టే. దుబాయి, ఖతర్ కలిసి రియాల్ తెచ్చుకున్నాయి, అబుదాబి బహ్రెయిన్ దీనారు వాడింది. 1973 మేలో యూఏఈ దిర్హమ్ వచ్చింది.

మా నాన్న 2003లో షార్జాలో షట్టరింగ్ పని చేసేవాడు. జీతం కవర్లో పెట్టి ఇచ్చేవారు, రిజిస్టర్లో సంతకం. ఒకసారి సంతకాలు ముందే పెట్టించుకుని మూడు నెలల జీతం ఇవ్వలేదు. అడగబోతే, నీ సంతకమే ఉంది కదా అన్నారు. ఆ డబ్బు రానే లేదు. యూఏఈలో జీతం బ్యాంకు లేదా ఎక్స్ఛేంజ్ ద్వారానే వేయాలన్న డబ్ల్యూపీఎస్ పద్ధతి 2009లో గానీ రాలేదు. ఇప్పుడైతే ఎవరికి పడింది, ఎవరికి పడలేదు అన్నది లేబర్ శాఖకు కనిపిస్తుంది.

మా బ్యాచ్‌లో ఇద్దరు ఇప్పటికీ కార్డు, పిన్ రాసిన చీటీ నా చేతిలో పెట్టి, అన్నా, క్యాష్ తీసి తేవా అంటారు. నేను ఆ కార్డు తీసుకోను. శుక్రవారం వాళ్లతో పాటు ఏటీఎం దాకా నడిచి వెళ్తాను, బటన్లు వాళ్లే నొక్కుతారు.