నిలకడ సర్వీసుకు వెల కట్టిందెవరు?



ఈ కాలపు పిల్లలు బెంగుళూరు, హైదరాబాదు కంపెనీలలో రెండు మూడేళ్ళకొకసారి ఉద్యోగం మారుతున్నారు. మారితేనే జీతం పెరుగుతుందని చెబుతారు. "తాతా, ముప్పై ఏండ్లు ఒకే కొలువులో ఎట్లా ఉంటిరి?" అని అడిగే మనుమలు మన ఇళ్ళలో చాలామందే ఉన్నారు. ఒకే యజమాని దగ్గర ఉండిపోతే జీతానికి లాభమా, నష్టమా? జవాబు మన కర్నూలు, కడప జిల్లాల చరిత్రలోనే ఉన్నది.

ముందుగా కరణాన్ని తీసుకుందాం. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి దత్తం చేశాడు. 1807 వరకు థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉండి రైతువారీ పద్ధతికి పునాది వేశాడు. ఆ పద్ధతికి ఊరూరా లెక్కలు రాసినవాడు కరణం. ఒకే ఊరు, ఒకే పని, తాత తరువాత తండ్రి, తండ్రి తరువాత కొడుకు. ఇంతకు మించిన నిలకడ ఇంకెక్కడ ఉంటుంది? అయినా ఆయనకు దక్కినది మొదట ఇనాము భూమి, తరువాతి కాలంలో కొద్దిపాటి నగదు. జీతం కంటే గీతం ఎక్కువ అన్న మాట ఊరకే పుట్టలేదు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. 1985లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. తరతరాల కొలువు ఒక్క కాగితంతో ముగిసింది. నిలకడ ఒక్కటే చాలదు, దానికి వెల కట్టే రూలు కూడా ఉండాలని దీనివల్ల తెలుస్తున్నది.

ఆ రూలు గుమస్తాలకు ఉన్నది. 1922 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన ఫండమెంటల్ రూల్స్‌లో 24వ రూలు మనందరికీ కంఠస్థమే. శిక్షగా ఆపితే తప్ప ఇంక్రిమెంటు మామూలుగా ఇచ్చి తీరవలసినదే. అది దొరగారి దయ కాదు. ఏడాది పని చేస్తే స్కేలులో ఒక మెట్టు ఎక్కినట్టే.

అయితే స్కేలు మెట్లకు చివర ఉంటుంది. జిల్లాలో పై పోస్టులు కొద్ది, కింద కాచుకున్నవారు ఎక్కువ. స్కేలు చివరకు చేరిన జూనియర్ అసిస్టెంటుకు అదే నిలకడ శిక్షగా మారేది. దీనికి మందుగా ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీము వచ్చింది. ప్రమోషన్ రాకున్నా 8, 16, 24 ఏళ్ళకు పై స్కేలు ఇచ్చేవారు. 2010 పి.ఆర్.సి.లో దానిని 6, 12, 18, 24గా మార్చారు. సంఘాలు అడిగి, పోరాడి సాధించుకున్న మేలు ఇది.

అసలు వెల రిటైరైన రోజున తెలుస్తుంది. 1980 రివైజ్డ్ పెన్షన్ రూల్స్ ప్రకారం 33 ఏళ్ళ అర్హత సర్వీసు ఉంటే చివరి జీతంలో సగం పింఛను. ఉదాహరణకు చివరి జీతం 10,000 రూపాయలు అనుకుంటే 33 ఏళ్ళవానికి 5,000. వెయిటేజి కలిపినా 22 ఏళ్ళే తేలినవానికి 3,333. కనుకనే 1983 ఫిబ్రవరిలో రిటైర్మెంటు వయస్సును 58 నుండి 55కు తగ్గించినప్పుడు అంత అలజడి రేగింది. మూడేళ్ళ జీతంతో పాటు మూడు ఇంక్రిమెంట్లు, మూడేళ్ళ అర్హత సర్వీసు కూడా పోయే మాట అది. 1984 ఆగస్టులో మళ్ళీ 58 చేశారు. మధ్యలో ఇంటికి పోయి, 58 నిండనివారికి కూడా ఆ మేలు అందాలని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఒక్కొక్కప్పుడు ఒక తేదీయే బ్రతుకును నిర్ణయిస్తుంది. ఎన్.ఎం.ఆర్.లుగా, దినకూలీలుగా ఏళ్ళ తరబడి పని చేసినవారు ప్రతి శాఖలోనూ ఉండేవారు. 1994 ఏప్రిల్ 22 నాటి జి.ఓ. 212 ప్రకారం 1993 నవంబరు 25 నాటికి ఎడతెగని 5 ఏళ్ళ సర్వీసు ఉన్నవారే రెగ్యులర్‌కు అర్హులు, అదీ ఖాళీ ఉంటే. 1988 నవంబరులో చేరినవానికీ 1989లో చేరినవానికీ పనిలో తేడా లేదు. చేతికి వచ్చినదానిలో మాత్రం ఒక జీవితమంత తేడా.

2004 సెప్టెంబరు 1 అట్లాంటిదే మరొక తేదీ. ఆనాటి నుండి చేరినవారికి మన పింఛను లేదు. జీతం, డి.ఎ. మీద 10 శాతం కోసుకొని, సర్కారు అంతే కలిపే సి.పి.ఎస్. వచ్చింది. 2003 డి.ఎస్.సి. టీచర్లకు నోటిఫికేషన్ ముందే వచ్చినా, నియామకం తరువాత జరగడంతో కొత్త పద్ధతిలో పడ్డారు.

ఆర్.టి.సి. సోదరుల సంగతి చూడండి. 2020 జనవరి 1న ప్రభుత్వంలో విలీనమయ్యేదాకా వారికి ఉన్నది 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకమే. అందులో జీతాన్ని సర్వీసుతో హెచ్చించి 70తో భాగిస్తారు. లెక్కకు తీసుకునే జీతానికి 2014 సెప్టెంబరు వరకు 6,500, ఆ తరువాత 15,000 రూపాయల పరిమితి. ఆ పరిమితి మీదనే చందా కట్టినవారికి 35 ఏళ్ళ సర్వీసున్నా 7,500 దగ్గరే లెక్క ఆగుతుంది. కలెక్టరాఫీసులోనూ, బస్ డిపోలోనూ నిలకడ ఒకటే. వెల మాత్రం వేరు.

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను యజమాని దయతో పడేసే బహుమానం కాదని తేల్చింది. అందుకే ఆ రోజును మనం పెన్షనర్స్ డేగా జరుపుకుంటున్నాం. నా దృష్టిలో పింఛను అంటే ఆనాడు తక్కువ జీతానికి పని చేసినందుకు యజమాని దగ్గర నిలవ ఉన్న మన బాకీ. ఉద్యోగాలు మారే మనుమడు తన వాటాను ఏ నెలకు ఆ నెలే జీతంలో తీసుకుంటున్నాడు. అతనిని తప్పు పట్టవలసిన పని లేదు. అతని యజమాని ఏ బాకీ రాసి పెట్టుకోలేదు గదా!

అయితే పిల్లలకు రెండు మాటలు చెప్పండి. కంపెనీ మారినప్పుడల్లా పి.ఎఫ్. సొమ్ము తీసి ఖర్చు పెట్టకుండా కొత్త ఖాతాకు బదిలీ చేయించుకొమ్మనండి. అన్ని చోట్లా కలిపి 10 ఏళ్ళ సర్వీసు ఉంటేనే ఆ పథకంలో నెలనెలా పింఛను వస్తుంది. పర్మనెంటు ఉద్యోగికి సాధారణంగా ఒకే చోట 5 ఏళ్ళు నిండితేనే గ్రాట్యుటీ. నాలుగున్నరేళ్ళకు రాజీనామా రాసేముందు ఒకసారి క్యాలెండరు చూసుకొమ్మనండి. సర్వీసు రిజిస్టరులో ఒక్క ఎంట్రీ తప్పితే ఎన్ని తిప్పలో మనకు తెలుసు. వాళ్ళకు ఆ తిప్పలు లేకుండా చూడటం మన వంతు.