ఇంటి కప్పు వేడి: పాత మిద్దెకు ఒక దారి, కొత్త స్లాబుకు మరో దారి

చలి దేశాల్లో ఇల్లు కట్టేటప్పుడు గచ్చు కింద సన్నని గొట్టాలు పరిచి, వాటిలో గోరువెచ్చని నీళ్లు తిప్పుతారు. గచ్చు కొద్దిగా వెచ్చబడి, ఆ వెచ్చదనం గదిలోని మనుషులకు నేరుగా తగులుతుంది. మన ఊళ్లలో ఏప్రిల్, మే నెలల్లో ఇదే పని ఎవరూ అడగకుండానే తలకిందులుగా జరుగుతుంది. పగలంతా ఎండ తాగిన స్లాబు, రాత్రి చాలాసేపటి వరకు గదిలోకి వేడి దించుతూనే ఉంటుంది. ఫ్యాను ఎంత తిప్పినా ఆ వేడిగాలే ముఖాన కొడుతుంది.

ఇది నిద్ర చెడటంతో ఆగే సంగతి కాదు. పగటి ఎండకు అలిసిన ఒంటికి రాత్రి చల్లదనమే విశ్రాంతి. అది దొరకకపోతే ముందుగా దెబ్బతినేది మంచం పట్టిన పెద్దలు, పసిపిల్లలు, గుండె జబ్బు ఉన్నవాళ్లు.

తరతరాలుగా తమిళనాడు, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్ర, యానాంలలో ఉంటున్న మన కుటుంబాల్లో చాలామందికి రెండు రకాల ఇళ్లూ తెలుసు. తాతల నాటి మిద్దె లేదా పెంకుటిల్లు ఒకటి, తర్వాత కట్టుకున్న స్లాబు ఇల్లు మరొకటి. ఒకదానికి పనికొచ్చిన మందు రెండోదాన్ని పాడు చేయవచ్చు. అందుకే ఈ వివరాలన్నీ ఒకచోట ఇస్తున్నాం.

వేడి ఎలా దిగుతుంది

మాసిన సిమెంటు కప్పు తన మీద పడే ఎండలో సగానికి పైగా పీల్చుకుంటుంది. నడివేసవిలో దాని పైభాగం 60 డిగ్రీలకు దగ్గరవుతుంది. 4 నుంచి 6 అంగుళాల స్లాబులో ఆ వేడి కింది వైపుకు చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే ఎండ తగ్గిన సాయంత్రం వేళే గది ఎక్కువ ఉడుకుతుంది. వేడి స్లాబులోకి చేరాక దాన్ని బయటికి తోలడం కష్టం, పైనే ఆపడం సులువు. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతా నిర్ణయాలు తేలికవుతాయి.

మద్రాసు మిద్దె

టేకు దూలాలు, వాటి మీద ఐమూలగా నిలబెట్టి పేర్చిన సన్నని ఇటుకలు, ఆ పైన సున్నంలో కలిపిన ఇటుక ముక్కల పొర, చివరగా చదరపు పెంకులు: పాత చెన్నై ఇళ్లలో, దక్షిణాది జిల్లాల్లో కనిపించే మద్రాస్ టెర్రస్ కట్టుబడి ఇదే. సున్నంలో బెల్లం, కరక్కాయ నానిన నీళ్లు కలిపి, చెక్క దిమ్మెలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరిచేవారు. ఈ కప్పు మందం, లోపలి ఎత్తు, గోడల పైభాగంలోని గవాక్షాలు కలిసి వేడిని ఆలస్యం చేస్తాయి.

దీని ప్రాణం సున్నంలోనే ఉంది. సున్నం తడిని పీల్చుకుంటుంది, ఎండకు మళ్లీ వదిలేస్తుంది. పైన సిమెంటు గచ్చు పోస్తే ఆ దారి మూసుకుపోతుంది. మా పెద్దల మిద్దె మీద కురుపు ఆగుతుందని సిమెంటు పోయించి మేమే ఈ తప్పు చేశాం. మూడో వానాకాలానికి గచ్చు బీటలిచ్చింది. లోపలికి దిగిన నీరు బయటికి పోలేక, గోడలోకి దూరిన దూలం కొనలు పుచ్చిపోయాయి. రెండు దూలాలు మార్చాల్సి వచ్చింది.

కాబట్టి పాత మిద్దెకు చేయాల్సిన పని చిన్నదే. కదిలిన పెంకులు తీసి సున్నంతోనే తిరిగి అతకాలి. సందులు సున్నంతోనే నింపాలి. నీళ్లు పోయే తూములు శుభ్రం చేయాలి. ఆ తర్వాత సున్నపు వెల్ల రెండు పూతలు వేయాలి. ప్లాస్టిక్ పొరలా మూసేసే రంగులు వద్దు. పని మొదలుపెట్టేముందు ప్రతి దూలం కొననూ గోడ దగ్గర తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే ముందు వడ్రంగిని పిలవండి.

మట్టి మిద్దె, పెంకుటిల్లు

బళ్లారి వైపు చవుడు మన్ను పరిచిన మిద్దెలు ఇంకా కొన్ని ఉన్నాయి. వానల ముందు కొత్త చవుడు వేయడమే వాటికి మరమ్మతు. అయితే ఏటేటా పాతది తీయకుండా వేస్తూ పోతే దూలాల మీద బరువు పెరుగుతుంది.

మంగుళూరు పెంకులు పలుచన. ఎండకు త్వరగా కాగుతాయి, పొద్దుగూకగానే త్వరగా చల్లారతాయి. అటక ఉన్న ఇంట్లో మధ్యనున్న గాలే అడ్డుగోడ. అందుకే అటకకు రెండువైపులా గాలి పోయే సందులు మూయకూడదు. అటక లేకపోతే పెంకులకు కింద ఖాళీ వదిలి చెక్కతోనో వెదురు తడికెతోనో సీలింగు కట్టించుకోవచ్చు.

స్లాబు ఇల్లు

ఖర్చు తక్కువ నుంచి ఎక్కువ వరుసలో ఇవీ దారులు.

తెల్ల పూత: సున్నపు వెల్ల అన్నిటికన్నా చవక, కానీ ఒక వేసవికే. డాబా కడిగి ఆరబెట్టి, సున్నాన్ని ముందురోజే నానబెట్టి వడగట్టి, కొద్దిగా జిగురు కలిపి రెండు పూతలు వేయాలి. కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు తప్పనిసరి. కూల్ రూఫ్ రంగులు కొన్నేళ్లు నిలుస్తాయి. డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ అనే అంకె చూడండి. మంచి తెల్ల పూతకు అది 100 దగ్గర ఉంటుంది. పై అంతస్తు గదుల్లో 2 నుంచి 5 డిగ్రీల తేడా ఆశించవచ్చు. దుమ్ము పట్టినకొద్దీ ఫలితం తగ్గుతుంది, ఏటా వేసవి ముందు కడగాలి.

తెల్ల పింగాణీ ముక్కలు: వాటంగా పరిస్తే చాలాకాలం ఉంటాయి. సందుల్లో నీరు దిగకుండా పూరించడమే ఇక్కడ అసలు పని.

పైన థర్మోకోల్ లేదా ఎక్స్‌పీఎస్ పలకలు: ఒక్క అంగుళం పలక ఆపే వేడిని ఆపాలంటే దాదాపు మీటరు మందం కాంక్రీటు కావాలి. ముందు నీరు దిగని పొర, ఆపైన గట్టి రకం పలకలు, వాటిపైన గచ్చు లేదా పెంకులు. కొత్తగా కట్టేవాళ్లకు, డాబా గచ్చు ఎలాగూ తీసి వేయించేవాళ్లకు ఇదే సరైన సమయం. ఇవే పలకలు గది లోపల సీలింగుకు వేస్తే కొంత మేలే, కానీ స్లాబు మాత్రం కాగుతూనే ఉంటుంది.

నీడ: కొబ్బరాకు పందిరి గానీ గ్రీన్ నెట్ గానీ స్లాబుకు కొన్ని అడుగుల ఎత్తున ఉంటే మధ్యలో గాలి ఆడుతుంది. బరంపురం, యానాం లాంటి తుపాను తీరాల్లో రేకుల షెడ్డు వేస్తే బిగింపు గట్టిగా ఉండాలి. పందిరి, నెట్ గాలివాన ముందు విప్పేసేలా ఉండాలి.

సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లడం బళ్లారి, సిరొంచ లాంటి పొడి ఎండల ఊళ్లలో బాగా పనిచేస్తుంది. చెన్నై, యానాం ఉక్కలో నీరు అంత త్వరగా ఆరదు, లాభమూ తక్కువే.

తప్పక చూడాల్సినవి

కురుపు ఉంటే ముందు అది ఆపాలి. తడి స్లాబు మీద ఏ పూతా నిలవదు. పనికి ఫిబ్రవరి, మార్చి నెలలు అనువు.

డాబా తోట చల్లదనమే, కానీ బరువు. మనుషులు తిరిగే డాబాకు భారతీయ ప్రమాణాల లెక్కలో చదరపు మీటరుకు సుమారు 150 కిలోల భారం. అడుగు మందం తడి మట్టి ఒక్కటే 500 కిలోలకు చేరుతుంది. ఇంజనీరు చూడకుండా మట్టి పరచవద్దు. పాత మిద్దె మీద అసలే వద్దు.

తమిళనాడులో 2003 నుంచి ఇళ్లకు వాననీటి సేకరణ తప్పనిసరి. కొత్తగా వెల్ల గానీ రంగు గానీ వేసినప్పుడు మొదటి వానల నీటిని తొట్టిలోకి వదలకండి.

అపార్ట్‌మెంటులో వేడి బాధ పై అంతస్తుదే, డాబా మాత్రం అందరిదీ. సంఘం సమావేశంలో ముందే అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, ప్రభుత్వ భవనాలతోపాటు 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకూ దీన్ని తప్పనిసరి చేసింది. మన ఇల్లు ఏ రాష్ట్రంలో ఉన్నా, చిన్నదైనా, ఒక వెల్ల బకెట్టుతో మొదలుపెట్టవచ్చు. ముందుగా పెద్దవాళ్లు పడుకునే గది పైభాగానికి పూయండి. ఒక వారం రాత్రుళ్లు ఆ గదిలో పడుకుని చూసి, మిగతా డాబా సంగతి ఆలోచించండి.