రాత్రి పదింటి ఆకలి

గిన్నెలు తోమి, స్టవ్ తుడిచి, వంటింట్లో లైటు ఆర్పే వేళకి నాకు ఆకలి గుర్తొస్తుంది. బరువు తగ్గాలని ఒక్క పుల్కాతో సరిపెట్టుకున్న రోజుల్లో అయితే మరీను. చెయ్యి తిన్నగా హార్లిక్స్ సీసా మీదకి పోతుంది. "రెండు చెంచాలేగా, బలం" అని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. పడుకునేముందు ఈ "బలం" తాగాలన్న ఆలోచన మనకి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా?

జేమ్స్, విలియం హార్లిక్ ఇంగ్లండులో పుట్టిన అన్నదమ్ములు. 1873లో అమెరికాలోని షికాగోలో వ్యాపారం మొదలుపెట్టారు. మొలకెత్తించిన బార్లీ, గోధుమలతో పొడి చేసేవారు. తర్వాత అందులో పాలు కూడా కలిపారు. మొదట్లో అది పసిపిల్లలకీ, రోగులకీ, అంటే మామూలు తిండి తినలేనివాళ్ళకి.

1930ల్లో కథ మారింది. బ్రిటన్‌లో జె. వాల్టర్ థాంప్సన్ అనే ప్రకటనల సంస్థ "నైట్ స్టార్వేషన్" అనే మాటని జనంలోకి తెచ్చింది. నైట్ స్టార్వేషన్ అంటే రాత్రి పస్తు. నిద్రలోనూ గుండె, ఊపిరితిత్తులు పనిచేస్తాయి కాబట్టి ఒంట్లో శక్తి అయిపోతుందట, పొద్దున్నే నీరసం అందుకేనట, పడుకునేముందు ఒక కప్పు తాగితే చాలట!

గుండె ఆగదన్నది నిజమే. కానీ కడుపునిండా తిన్న ఆరోగ్యవంతులకి రాత్రి పస్తేమిటి? కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్‌నీ, కొవ్వునీ శరీరం నిద్రలో వాడుకుంటుంది. మనం కరిగించాలని తంటాలు పడేది ఆ కొవ్వునే కదా!

మన దగ్గర రాజమండ్రి పక్కన ధవళేశ్వరంలోనే దీని ఫ్యాక్టరీ వచ్చింది. ఆస్పత్రికి ఎవరినైనా చూడ్డానికి వెళ్తే బత్తాయిలూ, హార్లిక్స్ సీసా పట్టుకెళ్ళడం మనకి మర్యాద. ఖాళీ సీసాల్లో పోపుగింజలు. మా అమ్మ మాకు కలిపిచ్చేది గానీ తను తాగగా నేను చూడలేదు. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలినదే ఆవిడ భోజనం. పొద్దున లేస్తూనే "నీరసంగా ఉందే" అనేది. అది రాత్రి పస్తు కాదు, పగటి పస్తు.

నా లెక్కా అంతే అని ఈమధ్యే తెలిసింది. పొద్దున టిఫిన్ పన్నెండింటికి, మధ్యాహ్నం పిల్లలు వదిలేసిన అన్నం. ఇక రాత్రి పదింటికి ఆకలి వెయ్యక ఏం చేస్తుంది?

అందుకే ముందు పగటి తిండి సరిచేసుకున్నాను. అయినా ఆకలేస్తే తింటాను, అది తప్పేం కాదు. చక్కెర లేకుండా అరగ్లాసు పాలు, లేదా పల్చటి మజ్జిగ, గుప్పెడు పుట్నాలు, చిన్న జామకాయ, ఉడికించిన గుడ్డు. వీటిలో ఏదో ఒక్కటి, అదీ కూర్చుని. బిస్కెట్లూ, మిక్స్చరూ డబ్బాలోంచే తింటే లెక్క తెలియదు. మాల్ట్ పొడిలో ధాన్యంతోపాటు చక్కెర కూడా ఉంటుంది, సీసా వెనక ఒకసారి చదవండి. షుగరుకి మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్ళకి మాత్రం రాత్రి చక్కెర నిజంగానే పడిపోవచ్చు. వాళ్ళు డాక్టరుని అడిగే మార్చుకోవాలి.

నిన్న మధ్యాహ్నం పప్పు, కూర ముందే నా కంచంలోకి తీసి మూతపెట్టుకున్నాను. రాత్రి సీసా జోలికి పోలేదు.