అయిదక్షరాల ఊరు, ఏడు గళ్లు

వైనతేయ నది ఒడ్డున బాల బాలాజీ గుడితో పేరు పొందిన అప్పనపల్లి పలకడానికి అయిదక్షరాలే: అ, ప్ప, న, ప, ల్లి. కంప్యూటర్ టెర్మినల్లో మాత్రం ఆ పేరు దశాబ్దాలుగా ఏడు గళ్లు పట్టింది. ఎక్కువైన ఆ రెండు గళ్లు ఎక్కడివో తెలియాలంటే టెర్మినల్ కథ మొదటి నుంచీ చూడాలి.

1963 నాటి ఏఎస్‌ఆర్-33 టెలిటైపు జవాబును కాగితం మీద కొట్టేది. 1978లో డెక్ కంపెనీ తెచ్చిన వీటీ100 అదే పనిని గాజుతెర మీద చేసింది. 24 వరుసలు, వరుసకు 80 గళ్లు, గడికొక్క అక్షరం. ఆ 80 కూడా 1928 నాటి ఐబీఎం చిల్లుకార్డు నుంచి వచ్చిందే. గడికొక్క అక్షరమనే ఇంగ్లీషు టైపుమిషన్ కొలతే ప్రపంచమంతటికీ కొలతయింది.

గ్రాఫిక్స్ వచ్చాక టెర్మినల్ పని అయిపోవాలి. అలా జరగలేదు. 1982లో బెల్ ల్యాబ్స్‌లో రాబ్ పైక్, బార్ట్ లొకాంతీ బ్లిట్ అనే టెర్మినల్ తయారుచేశారు. నిలువుగా ఉండే తెర, పక్కన మౌస్. కావలసినన్ని విండోలు గీసుకుని ఒక్కోదాంట్లో ఒక్కో పని నడుపుకోవచ్చు. బొమ్మలు చూపడానికి కాదు, టెర్మినళ్లను పక్కపక్కన పెట్టడానికే గ్రాఫిక్స్ అన్న ఆలోచన ఇంత తేటగా దీనికి ముందు కనబడదు. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా అందమైన ఘట్టం ఇదే. 1984లో ఎంఐటీలో ఎక్స్ విండో వ్యవస్థ పుట్టింది. ఆ ఏడే మార్క్ వాండెవూర్డ్ మొదలుపెట్టిన ఎక్స్‌టర్మ్ అనే టెర్మినల్ ప్రోగ్రాము నేటికీ వాడుకలో ఉంది. 1987లో టామ్ లాస్ట్రేంజ్ టీడబ్ల్యూఎం అనే విండో మేనేజర్ రాశాడు.

తర్వాత కేడీఈ, గ్నోమ్ లాంటి భారీ డెస్క్‌టాప్‌లు వచ్చాయి. అవి వద్దనుకున్నవాళ్లూ ఉన్నారు. 2006లో వచ్చిన డీడబ్ల్యూఎం అనే విండో మేనేజర్ రెండు వేల వరుసల కోడ్ దాటకూడదని నియమం పెట్టుకుంది. టైనీడబ్ల్యూఎం యాభై వరుసల్లోనే తేల్చింది. నిజానికి విండో మేనేజర్‌కు ఉన్న పని తక్కువే: కొత్త విండోకు చోటు చూపడం, కీబోర్డు దేనికి చెందాలో చెప్పడం, విండోలను జరపడం, మూయడం. ఎక్స్‌కు బదులుగా 2008లో మొదలైన వేలాండ్‌లో తెర కూర్పు బాధ్యత కూడా దానిమీదే పడింది. ఆ బరువును డబ్ల్యూఎల్‌రూట్స్ లైబ్రరీ మోస్తుంది కనుక, ఒకే ప్రోగ్రామును తెరనిండా చూపే కేజ్ లాంటివి చిన్నవిగా ఉండగలిగాయి. పాత కంప్యూటర్‌ను మళ్లీ పనిలో పెట్టాలనుకునేవారికి ఇంతకన్నా మంచి దారి లేదు.

ఇక తెలుగు. మన లిపిని ఈ గళ్లలో చూపే చిక్కును ముందు హార్డ్‌వేర్‌తో విప్పారు. కాన్పూర్ ఐఐటీలో మొదలై, పుణెలోని సీడాక్‌లో ఎదిగిన జిస్ట్ కార్డును పీసీలో పెడితే, ఇంగ్లీషు కోసం రాసిన డాస్ ప్రోగ్రాముల్లో కూడా తెలుగు కనిపించేది. 1991లో ఇస్కీ సంకేతాలు జాతీయ ప్రమాణమయ్యాయి. విండోస్ రోజుల్లో ఆ కార్డులు మూలపడ్డాయి, పని ఫాంట్ల చేతికి వెళ్లింది. 2005లో హైదరాబాదులో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో లినక్స్‌ను అందించింది. తెలుగు పెద్ద డెస్క్‌టాప్‌కు చేరింది, టెర్మినల్ గడప మాత్రం దాటలేదు. లినక్స్ కన్సోల్ ఫాంటులో 512 ఆకారాలకు మించి చోటు లేదు, ఒత్తును హల్లు కింద చేర్చే ఏర్పాటూ లేదు.

బ్లిట్ చేసిన పైక్, కెన్ థామ్సన్‌తో కలిసి 1992లో యూటీఎఫ్-8 అనే సంకేత పద్ధతిని రూపొందించాడు. అందులో మన ఊరిపేరు పది సంకేతాలు, ముప్పై బైట్లు. దాయడానికి ఇబ్బంది లేదు, చూపడంలోనే ఉంది. ఎక్స్‌టర్మ్‌లో అది ‘అప్‌పనపల్‌లి’ అయి విడిపోతుంది. మార్కస్ కూన్ రాసిన, ఎన్నో ప్రోగ్రాములు వాడుకున్న గళ్ల లెక్కలో పొల్లుకూ గుడికీ గడి లేదు. ఒత్తుగా కింద చేరవలసిన ప, ల మాత్రం చెరొక గడి పట్టాయి. అయిదు ఏడైంది అక్కడే. కొమ్ముకు కూడా విడిగా గడి ఇవ్వడంతో, మండల కేంద్రమైన మామిడికుదురు ఆరక్షరాల పేరై ఉండి తొమ్మిది గళ్లకు సాగింది. అందుకే డీడబ్ల్యూఎం పెట్టుకున్న రెండు వేల వరుసల నియమం నాకు అసంపూర్ణంగా తోస్తుంది. గుణింతాన్నీ ఒత్తునూ కూర్చే హార్ఫ్‌బజ్ లాంటి లైబ్రరీని వదిలేసి సాధించిన తేలికదనం తెలుగువాడికి పనికిరాదు. మనకు కనీస అవసరాల్లో అదీ ఒకటి.

యూనికోడ్ కూడా ప్ప, ల్లి లను ఒక్కో ముక్కగా గుర్తించే నియమాన్ని 2023లో, 15.1 కూర్పులోనే చేర్చింది. కేజ్‌లో నడపదగిన ఫుట్ టెర్మినల్ హార్ఫ్‌బజ్ సాయంతో అక్షరాలను కూర్చగలదు. కోవిద్ గోయల్ రాసిన కిటీ టెర్మినల్ 2025లో ఒక కొత్త పద్ధతి తెచ్చింది: ఏ ముక్క ఎన్ని గళ్లు పట్టాలో ప్రోగ్రామే టెర్మినల్‌కు చెబుతుంది. ప్రోగ్రామూ టెర్మినలూ వేర్వేరుగా లెక్కపెట్టుకున్నన్నాళ్లూ కర్సర్ ఒకచోట, అక్షరం మరోచోట ఉండి, ఏది చెరుగుతోందో రాసేవాడికి తెలియదు. బ్యాష్, విమ్ లాంటి రోజువారీ పనిముట్లు ఈ పద్ధతిని అందుకోవాలి. ఆ మార్పులు రాయగల తెలుగు ప్రోగ్రామర్లు ఎందరో ఉన్నారు. వాళ్లు పూనుకోవలసిన పని ఇది.