మన అవ్వల పేర్లు

ప్రియ చదువరీ, మీ కుటుంబములో మొదట ప్రభువును నమ్ముకొన్న స్త్రీ పేరు మీకు తెలియునా?

1854 జనవరి 1న తెల్లవారుచుండగా, ఒంగోలు కొండ మీద జూయెట్ దొర దంపతులతో మోకాళ్లూని ప్రార్థించిన తెలుగువారిలో జూలియా, రూతు అను ఇద్దరు స్త్రీలు ఉండిరి. వారిద్దరును నెల్లూరు నుండి వెళ్లినవారే. మిషనరీలు వ్రాసియుంచినందున వారి పేర్లు మనకు మిగిలినవి.

అట్టి యొక అవ్వను మీరు వెదకదలచిన యెడల, ఒక సంగతి గుర్తుంచుకొనుడి. ఆనాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. 1904లో గుంటూరు జిల్లాలో చేరినది. 1970లో, నేడు ప్రకాశమనబడు జిల్లాలోనికి వచ్చినది. కనుక కాగితములు మూడు చోట్ల వెదకవలసి యుండును. పట్టాలో ఉండునది పట్టాదారు పేరే. సెంటు భూమియైన లేని స్త్రీ అక్కడ కనబడదు. కనబడినను, ఫలానివాని భార్య యనియే.

అందుచేత సంఘపు బాప్తిస్మపు రిజిస్టరును, వివాహపు రిజిస్టరును చూడుడి. బాప్తిస్మమందు పేరు మారియుండవచ్చును. ఊరివారు పిలిచిన పేరును కూడ పెద్దల నడిగి తెలిసికొనుడి. ఇంటిలోని పాత బైబిలు మొదటి పుట తిప్పి చూడుడి.

సెలోపెహాదు కుమార్తెలు మోషే యెదుట నిలిచి భూమి నడిగిరి. స్వాస్థ్యము దొరకెను, అయిదుగురి పేర్లును లేఖనములో నిలిచెను. మన అవ్వలలో అనేకులకు భూమి దొరకలేదు. పేరైనను పోనియ్యకుడి. ఈ రాత్రి కుటుంబ ప్రార్థన ముగిసిన పిమ్మట, మీకు తెలిసినంతవరకు ఆ పేర్లు మీ బైబిలులో వ్రాసి, పిల్లలకు చదివి వినిపించుడి.