స్ట్రేస్

స్ట్రేస్ అనేది లినక్సు నిర్వాహక వ్యవస్థలో నడుస్తున్న ఒక ప్రోగ్రాము కెర్నలును ఏయే సేవలు కోరుతున్నదో, కెర్నలు వాటికి ఏమి జవాబిస్తున్నదో వరుసగా నమోదు చేసి చూపే ఉపకరణము. ఈ సేవాభ్యర్థనలను సిస్టమ్ కాల్‌లు అంటారు. స్ట్రేస్ చూపే చిట్టాలో ఒక్కొక్క సిస్టమ్ కాల్‌కు ఒక్కొక్క పంక్తి ఉంటుంది. ఆ పంక్తిలో కాల్ పేరు, దానితో పంపిన విలువలు, తిరిగి వచ్చిన ఫలితము కనిపిస్తాయి. ప్రోగ్రాము మూలకోడు అందుబాటులో లేకపోయినా, దానిని తిరిగి కంపైలు చేయకుండానే ఈ పరిశీలన చేయవచ్చును. అందువలన వ్యవస్థా నిర్వాహకులు, ప్రోగ్రామర్లు, నిర్వాహక వ్యవస్థలను అభ్యసించే విద్యార్థులు దీనిని విరివిగా వాడుతారు. ఇది స్వేచ్ఛా సాఫ్టువేరు.

సిస్టమ్ కాల్ అంటే ఏమిటి

ఆధునిక నిర్వాహక వ్యవస్థలలో సాధారణ ప్రోగ్రాములకు డిస్కు, నెట్‌వర్కు, తెర వంటి పరికరములను నేరుగా తాకే అధికారము ఉండదు. ఆ అధికారము కెర్నలుకు మాత్రమే కలదు. ఫైలు తెరవాలన్నా, అందులోని సమాచారము చదవాలన్నా, వేరొక కంప్యూటరుతో సంబంధము కలుపుకోవాలన్నా, క్రొత్త ప్రాసెస్ ప్రారంభించాలన్నా ప్రోగ్రాము కెర్నలును అడగవలసిందే. అలా అడిగే నిర్ణీత పద్ధతియే సిస్టమ్ కాల్.

ప్రతి సిస్టమ్ కాల్‌కు ఒక సంఖ్య ఉంటుంది. 64 బిట్ల ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లపై నడిచే లినక్సులో రీడ్ సంఖ్య 0, రైట్ సంఖ్య 1, ఓపెన్ సంఖ్య 2, క్లోజ్ సంఖ్య 3. ఇటువంటి కాల్‌లు 300కు పైగా కలవు. ప్రోగ్రాము ఈ సంఖ్యను ఒక రిజిస్టరులోను, పంపదలచిన విలువలను గరిష్ఠముగా మరి ఆరు రిజిస్టర్లలోను ఉంచి, ఒక ప్రత్యేక యంత్రాదేశము ద్వారా కెర్నలులోనికి ప్రవేశిస్తుంది. పని పూర్తయిన పిదప ఫలితము కూడ ఒక రిజిస్టరులోనే తిరిగి వస్తుంది.

కూడికలు, తీసివేతలు, పోలికలు వంటి లెక్కలకు కెర్నలు సహాయము అవసరము లేదు. కాని ప్రోగ్రాము తన హద్దు దాటి బయటి ప్రపంచముతో జరిపే వ్యవహారము దాదాపుగా అంతా సిస్టమ్ కాల్‌ల ద్వారానే సాగుతుంది. స్ట్రేస్ ఈ సరిహద్దు వద్ద కావలి ఉండి, వెళ్ళే అభ్యర్థనను, వచ్చే జవాబును వ్రాసుకుంటుంది.

చరిత్ర

స్ట్రేస్‌ను మొదట పాల్ క్రానెన్‌బర్గ్ సన్‌ఓఎస్ కొరకు వ్రాసినాడు. సన్‌ఓఎస్‌లో అప్పటికే ఉన్న ట్రేస్ అనే ఉపకరణము దీనికి స్ఫూర్తి. 1991లో వెలువడిన 1.5 సంచికను ఆధారముగా చేసుకొని బ్రాంకో లాంకెస్టర్ దీనిని లినక్సుకు తెచ్చినాడు. అందుకు కావలసిన సౌకర్యమును లినక్సు కెర్నలులో వ్రాసినది కూడ అతడే. 1992లో క్రానెన్‌బర్గ్ 2.5 సంచికను విడుదల చేసినాడు. 1993లో రిక్ స్లాడ్కీ ఈ రెండు పాయలను ఒక్కటిగా కలిపి, యూనిక్సు సిస్టమ్ 5 నాలుగవ విడుదలలోని ట్రస్ అనే ఉపకరణపు సౌకర్యములను పెక్కింటిని చేర్చినాడు. 1994లో సొలారిస్‌కు, 1995లో ఐరిక్స్‌కు కూడ దీనిని అందించినాడు.

1996 నుండి విచెర్ట్ అక్కర్‌మన్, 2002 నుండి రోలాండ్ మెక్‌గ్రాత్, 2009 నుండి డిమిట్రీ లెవిన్ దీని నిర్వహణ బాధ్యత వహించినారు. 2018 డిసెంబరులో వెలువడిన 4.26 సంచికతో దీని లైసెన్సు బీఎస్‌డీ తరహా నుండి గ్నూ లెస్సర్ జనరల్ పబ్లిక్ లైసెన్సుకు మారినది. 2019లో వచ్చిన 5.0 సంచిక నుండి సంచికల సంఖ్యలు లినక్సు కెర్నలు సంఖ్యలకు అనుగుణముగా ఉంటున్నవి.

పనిచేసే విధానము

స్ట్రేస్‌కు ఆధారము పీట్రేస్ అనే మరొక సిస్టమ్ కాల్. ఒక ప్రాసెస్ వేరొక ప్రాసెస్‌ను ఆపుటకు, దాని రిజిస్టర్లను, మెమరీని చదువుటకు, మార్చుటకు పీట్రేస్ వీలు కల్పిస్తుంది. డీబగ్గర్లు కూడ దీని మీదనే ఆధారపడినవి. స్ట్రేస్ పని ఈ క్రమములో జరుగుతుంది.

1. స్ట్రేస్ క్రొత్తగా ఒక ప్రోగ్రామును ప్రారంభిస్తుంది, లేదా ఇదివరకే నడుస్తున్న ప్రాసెస్‌కు జతపడుతుంది.
2. ఆ ప్రాసెస్ సిస్టమ్ కాల్ చేయగానే, పని మొదలగుటకు ముందే కెర్నలు దానిని నిలిపి స్ట్రేస్‌కు కబురు పంపుతుంది.
3. స్ట్రేస్ రిజిస్టర్లను చూచి, ఏ కాల్ చేయబడినదో, ఏ విలువలు పంపబడినవో తెలుసుకుంటుంది. ఫైలు పేరు వంటివి రిజిస్టరులో ఉండవు, వాటి చిరునామా మాత్రమే ఉంటుంది. కనుక ఆ చిరునామా నుండి మెమరీని చదువుతుంది.
4. ప్రాసెస్‌ను ముందుకు సాగనిస్తుంది. కెర్నలు పని ముగించి తిరిగి వచ్చే వేళ ప్రాసెస్‌ను రెండవసారి నిలుపుతుంది.
5. స్ట్రేస్ ఫలితమును చదివి పంక్తిని పూర్తిచేస్తుంది.

అనగా ప్రతి సిస్టమ్ కాల్‌కు ప్రాసెస్ రెండుసార్లు ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ నియంత్రణ స్ట్రేస్‌కు పోయి తిరిగి రావలెను. స్ట్రేస్ క్రింద నడిచే ప్రోగ్రాము మందగించుటకు ఇదియే కారణము.

ఒక ఉదాహరణ

"తెలుగు" అనే ఒక్క పదము గల చిన్న ఫైలును క్యాట్ ఆదేశముతో తెరపై చూపినపుడు స్ట్రేస్ ఇచ్చే చిట్టాలోని ముఖ్యమైన పంక్తులు ఈ క్రింది విధముగా ఉంటాయి. అసలు చిట్టా ఆంగ్లాక్షరములలో ఉంటుంది. ఇక్కడ తెలుగు లిపిలో సంక్షిప్తముగా ఇవ్వబడినది.

ఎగ్జెక్‌వీఈ("/యూఎస్ఆర్/బిన్/క్యాట్", ...) = 0
ఓపెన్‌ఎట్(..., "పేరు.టీఎక్స్‌టీ", ...) = 3
రీడ్(3, "\340\260\244\340\261\206...", ...) = 19
రైట్(1, "\340\260\244\340\261\206...", 19) = 19
రీడ్(3, "", ...) = 0
క్లోజ్(3) = 0
ఎగ్జిట్_గ్రూప్(0) = ?

మొదటి పంక్తి ప్రోగ్రాము ప్రారంభమును తెలుపుతుంది. రెండవ పంక్తిలో ఫైలు తెరవబడి, దానికి 3 అనే గుర్తు సంఖ్య లభించినది. 0, 1, 2 సంఖ్యలు వరుసగా ప్రామాణిక ఇన్‌పుట్, ఔట్‌పుట్, దోష ఔట్‌పుట్‌లకు ముందే కేటాయింపబడి ఉంటాయి. మూడవ పంక్తిలో 19 బైట్లు చదవబడినవి. "తెలుగు" అనే పదములో హల్లులు, గుణింతపు గుర్తులు కలిపి ఆరు యూనికోడు సంకేతములు కలవు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి 3 బైట్లు, వెరసి 18. పంక్తి చివరి గుర్తుతో కలిపి 19. నాలుగవ పంక్తిలో ఆ బైట్లే 1వ సంఖ్యకు, అనగా తెరకు వ్రాయబడినవి. తరువాతి రీడ్ ఫలితము 0, అనగా ఫైలు ముగిసినది. చివరి కాల్ నుండి ప్రోగ్రాము తిరిగి రాదు కనుక దాని ఫలితము స్థానములో ప్రశ్నార్థకము ఉంటుంది.

స్ట్రేస్ ఆంగ్లేతర లిపులను అక్షరములుగా చూపదు. వాటి బైట్లను అష్టాంశ సంఖ్యలుగా చూపుతుంది. పై ఉదాహరణలోని 340, 260, 244 అనే మూడు సంఖ్యలు కలిసి "త" అవుతుంది. అంతేకాక సాధారణముగా ఒక్కొక్క విలువలో మొదటి 32 బైట్లు మాత్రమే చూపుతుంది. తెలుగు పాఠ్యములో ఇది పది సంకేతములకు మించదు. కనుక తెలుగు సమాచారమును పరిశీలించేవారు ఈ పరిమితిని పెంచుకొనుట మేలు.

ముఖ్యమైన ఐచ్ఛికములు

స్ట్రేస్ ఆదేశముతో పాటు ఇచ్చే ఐచ్ఛికములు అనేకము. వాటిలో తరచుగా వాడబడేవి ఇవి. వీటిలో పెద్ద అక్షరమునకు, చిన్న అక్షరమునకు అర్థభేదము కలదు.

* పి: నడుస్తున్న ప్రాసెస్‌కు దాని సంఖ్య ద్వారా జతపడుటకు. పరిశీలన విరమించిన తరువాత ఆ ప్రాసెస్ యథావిధిగా కొనసాగుతుంది.
* ఎఫ్: పరిశీలనలో ఉన్న ప్రాసెస్ సృష్టించే పిల్ల ప్రాసెస్‌లను, థ్రెడ్లను కూడ పరిశీలించుటకు.
* ఈ: కోరిన కాల్‌లను మాత్రమే ఎంచుకొనుటకు. ఉదాహరణకు ఫైళ్ళకు లేదా నెట్‌వర్కుకు సంబంధించినవి మాత్రమే.
* ఓ: చిట్టాను ఫైలులో భద్రపరచుటకు.
* ఎస్: చూపే బైట్ల పరిమితిని మార్చుటకు.
* చిన్న టి: ప్రతి పంక్తికి సమయము చేర్చుటకు.
* పెద్ద టి: ప్రతి కాల్‌కు పట్టిన కాలమును చూపుటకు.
* వై: గుర్తు సంఖ్య ప్రక్కన ఫైలు పేరు కూడ చూపుటకు.
* చిన్న సి: పంక్తులకు బదులుగా ఏ కాల్ ఎన్నిసార్లు జరిగినది, ఎన్ని విఫలమైనవి, ఎంత కాలము పట్టినది అనే పట్టికను ఇచ్చుటకు.

లోపములను కనుగొనుటలో ఉపయోగము

ప్రోగ్రాము తెరపై చెప్పే మాటకు, అది నిజముగా చేసిన పనికి మధ్య వ్యత్యాసము ఉండవచ్చును. స్ట్రేస్ విలువ అంతయు ఈ వ్యత్యాసమును బయటపెట్టుటలోనే ఉన్నది.

దోషపు అసలు కారణము: "ప్రారంభించుట సాధ్యపడలేదు" అని మాత్రమే చెప్పి ముగిసిపోయే ప్రోగ్రాములు ఎన్నో కలవు. చిట్టాలో మాత్రము విఫలమైన ప్రతి కాల్ ప్రక్కన దోషసంకేతము ఉంటుంది. ఈనోఎంట్ అనగా ఆ పేరుతో ఫైలు గాని, డైరెక్టరీ గాని లేదు. ఈయాక్సెస్ అనగా అనుమతి లేదు. ఈనోస్పీసీ అనగా డిస్కులో చోటు లేదు. ఈకాన్‌రెఫ్యూజ్డ్ అనగా అవతలి కంప్యూటరు సంబంధమును నిరాకరించినది. ఏ ఫైలుకు లేదా ఏ చిరునామాకు ఈ దోషము వచ్చినదో కూడ ఆ పంక్తిలోనే తెలుస్తుంది.

అమరికల ఫైలు: ఒక ఫైలులో మార్పులు చేసినా ఫలితము కనిపించనపుడు, ప్రోగ్రాము అసలు ఆ ఫైలునే చదువుతున్నదా, లేక వేరొక డైరెక్టరీలోని అదే పేరు గల ఫైలును చదువుతున్నదా అన్నది ఓపెన్‌ఎట్ పంక్తులు చూస్తే తేలిపోతుంది.

నిలిచిపోయిన ప్రోగ్రాము: కదలక మెదలక ఉన్న ప్రాసెస్‌కు జతపడితే చివరి పంక్తి అసంపూర్ణముగా ఆగి ఉంటుంది. అది రీడ్ అయితే సమాచారము కొరకు, ఫ్యూటెక్స్ అయితే సాధారణముగా వేరొక థ్రెడ్ విడువవలసిన తాళము కొరకు ఎదురుచూస్తున్నదని ఊహించవచ్చును. ఏ పంక్తియు రాక ప్రాసెసరు మాత్రము తీరిక లేకుండా ఉంటే, అది తన లెక్కలలోనే తిరుగుచున్నదని భావించవచ్చును.

సమాచార భద్రత: రైట్ కాల్ సఫలమైనంత మాత్రమున సమాచారము డిస్కుకు చేరినట్లు కాదు. మామూలుగా అది కెర్నలు మెమరీలోనికి చేరుతుంది, డిస్కుకు తరువాత వ్రాయబడుతుంది. ఈలోగా విద్యుత్తు పోతే ఆ సమాచారము నశించవచ్చును. డిస్కుకు చేర్చమని కోరుటకు ఎఫ్‌సింక్ వంటి కాల్ కలదు. "భద్రపరచబడినది" అని ప్రకటించే ప్రోగ్రాము అంతకు ముందు ఎఫ్‌సింక్ చేసినదో లేదో స్ట్రేస్ చూపుతుంది. ఖాతాలు, డేటాబేసుల వంటి వాటిలో ఈ తేడా చిన్నది కాదు.

అయితే చిట్టాలోని ప్రతి దోషసంకేతము లోపము కాదు. గ్రంథాలయ ఫైళ్ళ కొరకు ప్రోగ్రాము పలు డైరెక్టరీలు వెదకుతుంది, దొరికేవరకు ఈనోఎంట్ వచ్చుట సహజమే. సక్రమముగా నడిచినపుడు తీసిన చిట్టాతో పోల్చి చూచుట ఉత్తమ మార్గము.

పరిమితులు

* వేగము తగ్గుట. సిస్టమ్ కాల్‌లు ఎక్కువగా చేసే ప్రోగ్రాములు బాగా మందగిస్తాయి. రద్దీగా ఉన్న సర్వరుపై దీనిని ఆలోచించి వాడవలెను. 2019లో వచ్చిన 5.3 సంచికలో, కోరిన కాల్‌ల వద్ద మాత్రమే ప్రాసెస్‌ను నిలిపే సదుపాయము చేర్చబడినది.
* ఒక ప్రాసెస్‌ను ఒకేసారి ఒక్కరే పరిశీలించగలరు. డీబగ్గరు జతపడి ఉన్న ప్రాసెస్‌కు స్ట్రేస్ జతపడలేదు.
* కెర్నలులోనికి పోకుండా జరిగే పనులు కనిపించవు. మెమరీలోనికి మ్యాప్ చేసిన ఫైలును చదువుట, వీడీఎస్ఓ ద్వారా గడియారము చూచుట ఇటువంటివి. 2019లో లినక్సు 5.1తో వచ్చిన ఐఓ_యూరింగ్ పద్ధతిలో అభ్యర్థనలు ఉమ్మడి మెమరీ ద్వారా పోతాయి కనుక అవి విడివిడి పంక్తులుగా కనిపించవు.
* ఏమి జరిగినదో తెలుస్తుంది గాని, ఎందుకు జరిగినదో తెలియదు. దానికి మూలకోడును గాని, డీబగ్గరును గాని ఆశ్రయించవలెను.

భద్రత, గోప్యత

వేరొక ప్రాసెస్ మెమరీని చదువగల శక్తి దుర్వినియోగమునకు కూడ అనువైనదే. ప్రోగ్రాము టెర్మినలు నుండి చదివే సంకేతపదము రీడ్ పంక్తిలో యథాతథముగా కనిపించవచ్చును. నెట్‌వర్కులో గుప్తీకరింపబడి పోయే సమాచారము కూడ, గుప్తీకరణకు ముందు ఒక పైపు గుండానో ఫైలు గుండానో పోతే బయటపడుతుంది. కనుక స్ట్రేస్ చిట్టాను ఇతరులకు పంపేముందు అందులో రహస్యములు లేవని సరిచూసుకొనుట అవసరము.

సాధారణ వినియోగదారుడు ఇతరుల ప్రాసెస్‌లను పరిశీలించలేడు. అధిక అధికారములతో నడిచే సెట్‌యూఐడీ ప్రోగ్రామును అతడు స్ట్రేస్ క్రింద ప్రారంభిస్తే, దానికి ఆ అధికారములు లభించవు. 2012లో లినక్సు 3.4లో చేరిన యామా అనే భద్రతా విభాగము మరికొన్ని కట్టుబాట్లు తెచ్చినది. దీని అమరిక 0 అయితే పాత పద్ధతి. 1 అయితే సాధారణముగా తన సంతతి ప్రాసెస్‌లను మాత్రమే పరిశీలించవచ్చును. 2 అయితే నిర్వాహకాధికారము ఉండవలెను. 3 అయితే జతపడుట పూర్తిగా నిషిద్ధము. కంప్యూటరు తిరిగి ప్రారంభించేవరకు దీనిని మార్చుట కుదరదు. స్వంత ప్రాసెస్‌కే జతపడబోగా "అనుమతి లేదు" అని వచ్చుటకు తరచుగా ఈ అమరికయే కారణము.

ఇతర ఉపకరణములు

సొలారిస్, ఫ్రీబీఎస్‌డీ, ఏఐఎక్స్ వ్యవస్థలలో ట్రస్ అనే ఉపకరణము ఇదే పని చేస్తుంది. బీఎస్‌డీ కుటుంబములో కేట్రేస్ కూడ కలదు. 2005లో సొలారిస్ 10తో వచ్చిన డీట్రేస్ పీట్రేస్‌పై ఆధారపడదు. మ్యాక్ ఓఎస్‌లోని డీట్రస్ దాని మీదనే నిర్మింపబడినది. విండోసులో ప్రాసెస్ మానిటర్ కొంతవరకు ఇటువంటి సమాచారమును ఇస్తుంది. లినక్సులోనే ఎల్‌ట్రేస్ గ్రంథాలయ ప్రమేయముల పిలుపులను చూపుతుంది. పెర్ఫ్ ట్రేస్, బీపీఎఫ్‌ట్రేస్ వంటివి కెర్నలు లోపలి నుండియే నమోదు చేయుట వలన పరిశీలనలో ఉన్న ప్రాసెస్‌ను ప్రతిసారీ ఆపవలసిన పని లేదు. అయినను, ఒక్క ప్రోగ్రాములోని సమస్యను త్వరగా తెలుసుకొనుటకు, ప్రతి విలువను చదువదగిన రూపములో చూచుటకు స్ట్రేస్ ఇప్పటికీ వాడుకలో ఉన్నది.

ఇవి కూడా చూడండి

* లినక్సు కెర్నలు
* నిర్వాహక వ్యవస్థ
* యూనిక్సు
* డీబగ్గరు
* యూనికోడు